ఏమో శ్రుతి

గుమ్మడికాయ మీద మొదటి కత్తి మగవాడే పెట్టాలని మా ఇళ్ళలో ఒక పట్టింపు. ఎందుకో ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు అడిగితే నెత్తిన మొట్టికాయ పడింది తప్ప జవాబు రాలేదు. ఆ కోపం నాలో ఎక్కడో మిగిలిపోయి ఉండాలి. ఇప్పుడు మేముండే పరదేశంలో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో మా వంటింట్లో, దప్పళం పెడదామని తెచ్చిన గుమ్మడికాయని మా ఆయన వచ్చేదాకా ఆగకుండా నేనే కోయబోయాను. ఈ దేశపు గుమ్మడికాయ బూడిదరంగు పెంకుతో బండరాయిలా ఉంటుంది. కత్తి జారింది. ఎడమచేతి ఉంగరపు వేలి లోపల నరం తెగింది.

మా ఆయనది కరీంనగర్. ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని, తెలుగు రాని డాక్టరుకి కూడా వినపడకుండా మెల్లగా, "నేనొచ్చినంక కోస్త అన్న గదా" అన్నాడు. పక్కింటి ఆంటీ ఇంకా ఘోరం. ఆవిడది ఫిజీ. ముత్తాతల కాలంలో చెరుకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ వంశం. ఆవిడ మాటల్లో సగం హిందీ, మిగతా సగం మా అమ్మమ్మ నాటి తెలుగు. నా చేతి కట్టు చూసి, ఫిజీలో కూడా ఆడవాళ్ళెవరూ గుమ్మడికాయ జోలికి పోరని చెప్పి, ఆ తర్వాత చాలా రోజులు గిన్నెల్లో కూరలు పంపింది. కూరలు బాగున్నాయి. పట్టింపే నెగ్గినందుకు మాత్రం నాకు ఒళ్ళు మండింది.

నరం కుట్టారు. వేలు నిలిచింది కానీ చివరి కణుపు ఇక వంగదన్నారు. ఎడమచెయ్యే కనుక అన్నం కలుపుకోవడానికి ఇబ్బంది లేదు. నేను పనిచేసేది బస్సుల టైమ్ టేబుళ్ళు వేసే ఆఫీసులో, అక్కడ కీబోర్డు కొట్టడానికి మిగతా వేళ్ళు చాలు. చాలనిది ఒక్కచోటే. నేను గిటారిస్టుని. ఈ ఊళ్ళో సంగీతం వినే నలుగురికి నేను తెలుసంటే, అది ఆ వేలిని తీగ మీద జరిపి వేసిన ఒకే ఒక్క జారు వల్ల.

గిటారు అనగానే మనవాళ్ళు పెళ్ళిళ్ళలో వాయిస్తావా అని అడుగుతారు. నేను వాయించింది పోస్ట్ పంక్. కొత్తలో ఈ ముక్క ఫోనులో మా ఊరు తణుకులో ఉన్న పిన్నికి చెప్పాను, పోస్ట్ పంక్ బ్యాండ్‌లో చేరానని. ఆవిడకి పోస్టు, బ్యాంకు అని వినపడ్డాయి. బ్యాంకులో పోస్టు వచ్చిందని వీధి వీధంతా చెప్పేసింది. నేను సరిదిద్దేలోపు రెండు సంబంధాలు కూడా వచ్చాయి.

పోస్ట్ పంక్ అంటే ఏమిటో ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా ఎక్కలేదు. నేను చెప్పేది ఇదీ. పంక్ వాళ్ళు వాయిద్యం రాకపోయినా కోపం ఉంటే చాలన్నారు. వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు ఆ కోపాన్ని వదలకుండానే శ్రద్ధగా చెవి కూడా పెట్టారు. ఈ సంగీతంలో డ్రమ్మూ బేసూ ముందు నడుస్తాయి. గిటారు పక్కన నిలబడి పాటని గిల్లుతూ ఉంటుంది. నా స్వభావానికి సరిగ్గా సరిపోయిన పని.

నాకు గిటారు నేర్పినవాళ్ళెవరూ లేరు. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, సాయంత్రాలు భజన బృందంలో మాండలిన్ వాయించేవారు. నాకూ అదే నేర్పారు. ఆయన పద్ధతి ఒకటే. ముందు పాడాలి, పాడింది కుదిరాకే మాండలిన్ ముట్టుకోవాలి. వేళ్ళు దురద పెడుతుంటే వాయిద్యం ఎదురుగా పెట్టుకుని నోటితో పాడుతూ కూర్చోవడం ఎంత చిరాకో చెప్పలేను. ఒక పాటలో చరణం చివర ఆయన ఒక జారు వేసేవారు. కింది స్వరం నుంచి పైకి జారి, అక్కడ నిలవకుండా ఒక్కసారి వెనక్కి తొంగిచూసి, మళ్ళీ పైకి చేరేది. ఆ తొంగిచూపు కోసం భజనలో వాళ్ళు తాళాలు ఆపి మరీ వినేవాళ్ళు. నేను డిగ్రీలో ఉండగా నాన్న పోయారు. మాండలిన్ బృందానికే ఇచ్చేశాం.

ఇక్కడికి చదువుకోవడానికి వచ్చినప్పుడు సిటీ సెంటర్‌లో ఒక ఇరుకు ఫ్లాట్‌లో ఉంటూ డైరీలో పనిచేశాను. ఇక్కడ డైరీ అంటే పాలకేంద్రం కాదు, వీధి మూల కొట్టు. ఆ కొట్టు అద్దానికి ఒకరోజు ఒకతను కాగితం అంటించుకుంటానని వచ్చాడు. గిటారిస్టు కావాలని రాసి ఉంది. అతను మా డ్రమ్మరు, అంటే తర్వాత మా డ్రమ్మరు అయ్యాడు. గిటారు వచ్చిన వాళ్ళెవరైనా తెలుసా అని అడిగితే, నాకు వచ్చని చెప్పాను. మాండలిన్ వచ్చినదానికి గిటారు రాదా అని నా పొగరు.

వాళ్ళు సాధన చేసే గ్యారేజీకి వెళ్ళి గిటారు చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, రాదని. ఆ తీగలు ఏ లెక్కన కట్టారో నాకు బొత్తిగా అర్థం కాలేదు. పరువు పోతుందని భయం. గబగబా మరలు తిప్పి, నాన్న మాండలిన్‌కి చేసినట్టే స-ప, స-ప, స-ప అని ఆరు తీగల్నీ జతలుగా శ్రుతి చేసేశాను. పై తీగ తెగుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను, తెగలేదు. తర్వాత ఆ భజన పాటలోని చరణాన్నే వాయించాను. చివరి జారు దగ్గరికి వచ్చేసరికి తీగలు లావు, మెడ మీద మెట్లు దూరం, వెనక్కి రాబోతే బర్రుమంది. తొంగిచూపు మానేసి తిన్నగా పైకి జారి ఆపేశాను.

గ్యారేజీలో అందరూ నా గిటారు వైపే చూశారు. చివరికి డ్రమ్మరు, "ఆ తీగల్ని ఏం చేశావు?" అని అడిగాడు.

శ్రుతికి ఇంగ్లీషు మాట వెంటనే తట్టలేదు. తిట్టడానికి అడిగాడో మెచ్చుకోవడానికి అడిగాడో కూడా తెలియలేదు. కంగారులో చెయ్యి తిప్పి "ఏమో" అన్నాను.

అందరి మొహాలూ మాడిపోయాయి. పాటలు పాడే అమ్మాయి చాలా సీరియస్‌గా, మేం ఆ రకం వాయించం అంది. తర్వాత తెలిసింది, అప్పట్లో ఈమో అని ఇంకో రకం సంగీతం ఉండేదట. జుట్టు కళ్ళ మీదికి దించుకుని దిగులు పడే పిల్లలది. మావాళ్ళకి ఆ పేరు వింటేనే పడదు. నేను వాయించినది ఈమో అని నేనే చెప్పాననుకున్నారు. సంగతి తేలాక అందరూ పడీ పడీ నవ్వారు. ఆ తిన్నని జారు మళ్ళీ వాయించమన్నారు. నన్ను ఉంచేసుకున్నారు.

మొదటి రికార్డులో ఆ చరణం, ఆ జారు మీదే ఒక పాట కట్టాం, అది రికార్డు చేసేటప్పుడు డ్రమ్మరు సరదాకి అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. నేనూ అదే జవాబు చెప్పాను. ఆ రెండు ముక్కలూ పాట మొదట్లో అలాగే ఉంచేశారు. ఆ పాటే జనానికి పట్టింది. పెద్దగా ఏం కాదు, రెండు రికార్డులు, కొన్నేళ్ళపాటు ఒక డొక్కు వ్యానులో ఊరూరా తిరగడం, పబ్బుల్లో వాయించడం. తర్వాత పిల్లలూ ఇళ్ళ అప్పులూ వచ్చి ఎవరిదారి వాళ్ళదైంది. డ్రమ్మరు ఇప్పుడు ప్లంబరు. మా ఇంట్లో గీజరు చెడిపోతే అతనే వస్తాడు.

కానీ ఆ పాట మాత్రం ఊరికే ఉండలేదు. మాకు తెలియని కుర్రవాళ్ళు గ్యారేజీల్లో నా స-ప, స-ప కట్టుకుని, నా తిన్నని జారు వేస్తున్నారని వినేదాన్ని. ఒక చిన్న బ్యాండ్ పాట బస్సులో ఎవరి ఫోనులోంచో వినపడితే, అది నాదే అనుకుని తల తిప్పాను. నాది కాదు. ఆ రోజంతా ఆఫీసులో నన్ను పట్టడానికి వీల్లేకపోయింది. ఒక్కటే కొరత. అలా తీగలు కట్టడానికి వాళ్ళు పెట్టిన పేరు ఈమో ట్యూనింగ్. మా నాన్న శ్రుతికి ఆ పేరేమిటని వినపడినప్పుడల్లా పళ్ళు కొరుక్కునేదాన్ని.

వేలు తెగిన కొద్ది నెలలకి డ్రమ్మరు ఫోను చేశాడు. మొదటి రికార్డుని మళ్ళీ విడుదల చేస్తున్నారట, ఆ సందర్భంగా సిటీ సెంటర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకే ఒక్క కచేరీ చేద్దాం అన్నాడు. నా వేలి సంగతి అతనికి తెలుసు. కాసేపు నసిగి, హామిల్టన్‌లో ఒకమ్మాయి మన పాటలన్నీ నేర్చుకుందట, నీ చోట ఆమెని నిలబెడదామా అని అడిగాడు.

ఫోను పెట్టేశాను. నాకు ముక్కు మీద కోపమని మా ఆయన అంటాడు, ఆ రోజు అది ముక్కు మీద ఆగలేదు. బీరువాలోంచి గిటారు తీసి వాయించడానికి కూర్చున్నాను. మిగతా వేళ్ళతో పాటలన్నీ ఎలాగో లాగించగలిగాను. ఆ జారు దగ్గర మాత్రం వేలు కర్రలా నిలబడి తీగ మీంచి పక్కకి తప్పుకుంది. ఉంగరపు వేలు బదులు నడిమి వేలు పెట్టి చూశాను. ఎవరో నన్ను వెక్కిరిస్తున్నట్టు వచ్చింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఇంత బతుకు బతికి నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క జారు. అది నా చేతిలోంచి పోయిందా, ఇక అది నాది కాదా అన్నదే నా బాధ. మా ఆయన టీ తెచ్చి పక్కన పెట్టాడు. తర్వాత, "ఆ పిల్లది ఒక్కసారి ఇనరాదు, ఏం పోతది" అన్నాడు.

వినడానికి కాదు, వంకలు పెట్టడానికి వెళ్ళాను. శనివారం పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ హామిల్టన్ చేరేసరికి పెట్టబోయే వంకలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ అమ్మాయి పాడిపశువుల రైతులకి పాలు పితికే యంత్రాల భాగాలు అమ్మే చోట పనిచేస్తుంది. నేను కొట్టు డైరీ, ఈమె నిజం డైరీ. వెడల్పాటి చేతులు, పొట్టి గోళ్ళు. నన్ను చూడగానే బిడియంతో ఎర్రబడింది. నేను మాత్రం ఎగాదిగా చూసి, వాయించు అన్నాను.

వాయించింది. తప్పు లేదు. రికార్డులో ఎలా ఉందో అలాగే, కొలతపెట్టి కోసినట్టు వాయించింది. జారు కూడా అచ్చం నాదే, తిన్నగా పైకి వెళ్ళి ఆగింది. తప్పుంటే బాగుండును అనిపించింది. అయినా ఏదో వెలితిగా ఉంది. ఏమిటని అడిగితే చెప్పలేను. ఇంకోసారి వాయించమన్నాను, మళ్ళీ అంతే. అప్పుడు నా నోట్లోంచి నాకే తెలియకుండా, "గిటారు పక్కన పెట్టు, ముందు పాడు" అన్న మాట వచ్చేసింది. ఆ గొంతు నాది కాదు, లెక్కల మాస్టారిది.

పాపం, ఆ అమ్మాయి హడలిపోయింది. తనకి పాట రాదంది. నాకూ రాదని చెప్పి, ముందు నేను పాడాను. ఆమె చాలా సన్నగా, నేల వైపు చూస్తూ నా వెనకే అంది. నేను మళ్ళీ పాడాను. ఆమె మళ్ళీ అంది. ఆ మధ్యాహ్నం చాలాసేపు ఇద్దరం గిటారు ముట్టుకోకుండా ఆ ఒక్క చరణమే పాడుతూ కూర్చున్నాం. ఆమె ఇంట్లో పిల్లి లేచి బయటికి వెళ్ళిపోయింది. వచ్చేముందు వాయించి వినిపిస్తానంటే వద్దన్నాను. కొన్నాళ్ళు పాడుకో, తర్వాత ముట్టుకో అన్నాను. నిజం చెప్పాలంటే, బాగా వాయిస్తే తట్టుకోలేనని భయం.

గుమ్మంలో నిలబడి ఆమె ఒక సందేహం అడిగింది. "రికార్డు మొదట్లో మీరన్నది ఈమో కాదట కదా. అసలు ఏమన్నారు?"

అది తెలుగు మాట, ఏమో అని చెప్పాను; తెలియదు అనడమా అని ఆమె అడిగితే, అదీ కాదన్నాను. తెలియదు అంటే తలుపు వేసేసినట్టు. ఏమో అంటే తలుపు ఓరగా తీసి ఉంచినట్టు. తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు, అడిగినవాళ్ళే ఆలోచించుకోవచ్చు. చెయ్యి కూడా ఇలా తిప్పాలని చూపించాను. ఆ అమ్మాయి బుద్ధిగా తల ఊపింది కానీ మాట పలికి చూడలేదు. నేనూ పట్టుబట్టలేదు.

ఇంటికి వచ్చి డ్రమ్మరుకి ఫోను చేసి, సరే, ఆమెనే నిలబెట్టు అన్నాను. అన్నానే కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

కచేరీ రోజున వాన. స్టేజి పక్కన కుర్చీ వేస్తామన్నారు, వద్దన్నాను. జనంలో నిలబడతానని మా ఆయనతో, పక్కింటి ఆంటీతో వెళ్ళాను. ఆంటీ అలాంటి చోటికి రావడం అదే మొదలు. జరీ అంచు చీర మీద వానకోటు వేసుకుని వచ్చింది. చిన్న హాలు, నిండిపోయింది. సగం మంది మా వయసువాళ్ళు, నెరిసిన జుట్టూ పాత టీషర్టులూ. మిగతా సగం మేం వాయించడం మానేశాక పుట్టినట్టున్నారు. వాళ్ళకి కూడా పాటలన్నీ నోటికి వచ్చు. అది చూసి నా కోపం కొంచెం మెత్తబడింది, కాదనను.

ఆ పాట వచ్చింది. డ్రమ్మరు మైకు దగ్గరికి వంగి, "ఆ తీగల్ని ఏం చేశావు?" అని ఆ అమ్మాయిని అడిగాడు. హాలంతా ఒక్కసారిగా "ఈమో" అని అరిచింది. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఏటంటన్నారు వీళ్ళు? ఏమో అంటన్నారా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాటని మొదటిసారికే సరిగ్గా విన్నది ఆంటీ ఒక్కతే. అవునాంటీ, అదే అన్నాను.

ఆ అమ్మాయి మొదలుపెట్టింది. పల్లవి దాటింది, చరణం నడిచింది. నేను పిడికిలి బిగించి నిలబడ్డాను, ఆ వేలు ఒక్కటీ బయటికి పొడుచుకుని ఉంది. జారు వచ్చింది. తీగ పైకి జారింది. నేనైతే ఆపేసే చోట ఆ అమ్మాయి ఆపలేదు. నా పాటని పాడు చేసేస్తోందని ఒళ్ళు భగ్గుమంది. అంతలోనే ఆ స్వరం ఒక్కసారి వెనక్కి తొంగిచూసి, మళ్ళీ పైకి చేరింది.

మా నాన్నది.

నేను నా చేత్తో ఎన్నడూ వాయించని తొంగిచూపు అది. గ్యారేజీలో మొదటిరోజే వదిలేశాను, వదిలేశానన్న సంగతి కూడా మర్చిపోయాను. కానీ ఆ శనివారం ఆమెకి నేను నా చెయ్యి ఇవ్వలేదు, నోరు ఇచ్చాను. నోట్లో నాన్న ఎలా పెట్టారో అలాగే ఉంది. నేను పాడానని నాకే తెలియలేదు, ఆ పిల్ల మాత్రం విన్నది. ఆ వెడల్పాటి వేళ్ళకి లావు తీగలొక లెక్క కాదు. హాల్లో కుర్రవాళ్ళు ఒక్క క్షణం అరుపులు ఆపారు. నేను నోరు పెట్టి ఏడ్చాను. మా ఆయన కంగారుపడి వేలు నొస్తోందా అని అడిగాడు. నొప్పి లేదు, చాలా బాగుంది, చాలా చాలా బాగుంది అన్నాను. ఆంటీ తన కొంగు అందించింది.

అంతా అయ్యాక మెట్ల దగ్గర ఆ అమ్మాయి నాకు ఎదురొచ్చింది. గిటారు సంచీ భుజాన ఉంది, వాయించినంతసేపూ లేని భయం ఇప్పుడు మొహంలో ఉంది. రికార్డులో లేనిది వేసినందుకు తిడతాననుకుంది కాబోలు. "వెనక్కి వచ్చావే, ఆ మెలిక ఎక్కడిది?" అని అడిగాను.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. సంచీ సర్దుకుని, చెయ్యి తిప్పి, "ఏమో" అంది.

అచ్చం మా తణుకు పిల్లలా అంది.